నరసింహ కాస్తా ‘నరత్సుసోహ’ అవుతున్నాడు: కటకానా చేతిరాతలో షి, త్సు, సో, న్ తేడా ఎలా చూపించాలి?

నరసింహుడు_సైతామాలో
కటకానాలో (జపనీస్‌లో పరాయి మాటలూ పేర్లూ రాసే లిపి) ‘నరసింహ’ అంటే ఐదు అక్షరాలు: న, ర, షి, న్, హ. మూడోదీ నాలుగోదీ పక్కపక్కన పడ్డాయి, అదే నా ఖర్మ. టైపు చేస్తే ఏ గొడవా లేదు. చేత్తో ఫారం నింపితే మాత్రం షి ని త్సు అని, న్ ని సో అని చదువుతున్నారు. గీతల వరస తెలుసు. చార్టు చూస్తూ నిదానంగా రాస్తే బాగానే వస్తాయి. కాస్త వేగం పెరిగిందంటే నాలుగూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటున్నాయి. పిల్లల గళ్ళ పుస్తకాలు ఓ పది నింపితే సరిపోతుందా, వేరే కిటుకేమైనా ఉందా?

జపనీస్ అక్షరాలు ఇక్కడ అతికిస్తే ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. అందుకే పలుకు తెలుగులో రాస్తున్నా, మీరూ అలాగే రాయండి.

డబ్బాలరాయుడు
ఆ డబ్బాలు చూసి వరసగా ‘నోరు’ కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరం, అచ్చం డబ్బాలాగే ఉంటుంది) రాశారేమో అనుకున్నా. నోరు, నోరు, నోరు, నోరు, నోరు.

2బి_పెన్సిల్
పుస్తకాలు తర్వాత నింపొచ్చు, ముందు ఎక్కడ తప్పుతోందో చూసుకోండి. మీరు వేగంగా రాసిన కాగితం తీసి దాని మీద స్కేలు పెట్టండి. షి లో మూడు గీతలూ మొదలైన చోట్లు ఎడమ అంచున, ఒకే నిలువు వరసలో ఉండాలి. త్సు లో ఆ మూడు మొదళ్ళూ పైన, ఒకే అడ్డ వరసలో ఉండాలి. న్, సో లకీ ఇదే లెక్క, గీతలు మాత్రం రెండే. న్ మొదళ్ళు ఎడమవైపు ఒకదాని కింద ఒకటి. సో మొదళ్ళు పైన పక్కపక్కన.

ఇక పెద్ద గీత. షి, న్ లలో అది కింద ఎడమ మూల నుంచి కుడివైపు పైకి లేస్తుంది. త్సు, సో లలో కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతుంది. వేగంలో చెయ్యి నాలుగింటికీ పైనుంచి కిందికే లాగేస్తుంది. మీ జబ్బు నూటికి తొంభై పాళ్ళు ఇదే. వరస తెలుసంటున్నారు కదా, వరసతో పాటు దిక్కు కూడా చూసుకోండి.

ఆవకాయ_ఒనిగిరి
దీనికి సులువైన గుర్తు హిరగానాలోనే (జపనీస్ మాటలు రాసే గుండ్రటి లిపి) ఉంది. కటకానా షి మొదళ్ళని పైనుంచి కిందికి కలుపుకుంటూ వచ్చి, చివరి గీతతో పాటు పైకి లేవండి. హిరగానా షి ఆకారం వస్తుంది. త్సు మొదళ్ళని ఎడమ నుంచి కుడికి కలిపి కిందికి జారితే హిరగానా త్సు వస్తుంది. హిరగానా సో పైన అడ్డంగా మొదలవుతుంది, హిరగానా న్ చివర పైకి లేస్తుంది. కటకానాలో వాటి పోకడా అంతే.

గీతలమేస్త్రి
@ఆవకాయ_ఒనిగిరి అది చదివేటప్పుడు బాగా పనికొస్తుంది. రాసేటప్పుడు ‘హిరగానాలో ఎలా ఉంటుందబ్బా’ అని ఆలోచించేలోపు చెయ్యి గీసేసి ఉంటుంది. నా మాట వింటే చిన్న గీతల వాలు పట్టుకోండి. షి, న్ లలో చిన్న గీతలు దాదాపు పడుకుని ఉంటాయి. త్సు, సో లలో దాదాపు నిలబడి ఉంటాయి. మొదటి గీతే పడుకోబెట్టి వేశారంటే పెద్ద గీత కోసం చెయ్యి దానంతటదే కింది మూలకి పోతుంది. మొదటిది 45 డిగ్రీల దగ్గర అటూ ఇటూ కాకుండా వేస్తే ఆ తర్వాత ఏం చేసినా అనుమానమే.

ఇంకో సంగతి, ఈ గోల బాల్ పెన్నుతో ఎక్కువ. కుంచెతోనో మెత్తని పెన్సిల్‌తోనో రాస్తే గీత మొదలు లావుగా, విసిరిన కొస సన్నగా వస్తుంది. షి పెద్ద గీత కింద లావు, పైన సన్నం. త్సు ది పైన లావు, కింద సన్నం. ఆ లావు చూసే చదివేవాళ్ళకి దిక్కు తెలుస్తుంది. బాల్ పెన్నులో రెండు కొసలూ ఒకే మందం. ఇక ఆధారం మొదళ్ళు ఎక్కడున్నాయి, వాలు ఎంత అన్నదే.

నాగోయా_నాగమణి
కంజీ కాస్త వచ్చినవాళ్ళకి ఇంకో దారి. షి ని ఎడమవైపు వచ్చే మూడు నీటిచుక్కల్లా (సన్‌జుయి) రాయండి, అక్కడా మూడోది పైకే లేస్తుంది. త్సు ని ‘చదువు’ కంజీ (గాకు) నెత్తిన ఉండే మూడు గీతల్లా రాయండి. న్ అంటే రెండు చుక్కల నిసుయి, ‘తర్వాత’ అనే త్సుగి కంజీలో ఎడమవైపు ఉండేది. చెయ్యి ఇవన్నీ ముందే నేర్చుకుని ఉంటుంది కాబట్టి కొత్త సాధన అక్కర్లేదు.

డబ్బాలరాయుడు
కటకానా సరిగ్గా రాయడానికి ముందు కంజీ నేర్చుకోవాలన్నమాట. నడక రావాలంటే ముందు పరుగు నేర్చుకో అన్నట్టుంది.

ఫారాల_పరంధామం
నవ్వులు సరే, అసలు చిక్కు వేరే ఉంది. తెలుగులో ‘ధనం’ రాస్తూ ధ కింద గీత మర్చిపోయి ‘దనం’ అని రాసినా మనం ధనం అనే చదివేస్తాం, పక్క మాటలు అర్థం లాక్కొస్తాయి. జపనీస్‌లోనూ ‘షత్సు’ (చొక్కా) అన్న మాటలో షి, త్సు రెండూ కలగాపులగంగా రాసినా వాళ్ళు చొక్కా అనే చదువుతారు. పరాయి దేశం పేరుకి ఆ వెసులుబాటు లేదు. నరసింహ అన్న పేరు ఎప్పుడూ వినని గుమాస్తాకి నరషిన్హా ఒకటే, నరత్సుసోహా ఒకటే. కాబట్టి మన పేర్లలో ఒక్కో అక్షరం తన కాళ్ళ మీద తను నిలబడాలి. వాళ్ళు ఎలా గిలికినా చెల్లుతోంది కదా అని పోల్చుకోకండి.

మన పేర్లలో తరచూ దెబ్బతినేవి:

‘కుమార్’ (కు, మ, పొడుగు గీత, రు). కు మొదటి గీత ఎడమవైపుకి వాలాలి. అది నిట్టనిలువుగా దిగితే వ అయిపోతుంది, ‘వమార్’. మ లో మొదటి గీత అడ్డంగా వెళ్ళి మడత పడి కిందికి జారుతుంది, రెండోది దాని కొసని తాకే పొట్టి చుక్క. ఆ రెండోదాన్ని పొడుగ్గా ఎడమవైపుకి లాగితే అది అ.

‘సునీల్’ లో సు. రెండో గీత మొదటి వాలుగీత మధ్యలో పుట్టి కుడివైపుకి వెళ్ళాలి. దాన్ని దాటి అవతలికి పొడుచుకెళ్తే ను.

‘తేజ’ లో తె. పైన రెండు అడ్డగీతలు, మూడోది రెండో గీత దగ్గరే మొదలవ్వాలి. మూడోది పైకి పొడుచుకొచ్చి మొదటి గీత వాలిందంటే అది చి.

‘యుగంధర్’ లో యు. కింది గీత మూల దాటి బయటికి రావాలి. మూల దగ్గర ఆగితే కో, ‘కొగంధర్’.

ఆవకాయ_ఒనిగిరి
కొగంధర్ 😂 మంత్రిగారు కోప్పడతారు.

కంజికాకి
‘కృష్ణ’ ని వదిలేశారు. కు, రి, షి, చిన్న యు, న. ఇందులో రి ని సో లా రాసేవాళ్ళు చాలామంది. రి లో రెండు గీతలూ నిలువుగా, సమాంతరంగా దిగాలి, చివర్లో మాత్రమే కుడిది ఎడమవైపుకి వంగుతుంది. సో లో రెండు గీతలూ కిందికి వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి. రి రెండు పట్టాలు, సో గరాటు.

నరసింహుడు_సైతామాలో
@2బి_పెన్సిల్ స్కేలు పెట్టి చూశా. షి మొదళ్ళు నిలువు వరసలోనే ఉన్నాయి. న్ లో మాత్రం రెండో మొదలు కుడివైపుకి జరిగిపోయి అడుగున మధ్యలో పడుతోంది. అందుకే సో లా కనిపిస్తోందా?

పనిలో పని, మా ఆవిడ పేరు లక్ష్మి. అందులో చిన్న యు ఉంది. ఎంత చిన్నగా రాయాలి?

2బి_పెన్సిల్
అవును, అందుకే. న్ చిన్న గీతకి సరిగ్గా కింద, కొంచెం ఎడమకైనా ఫర్వాలేదు, పెన్ను ఆనించి ఒక్క క్షణం ఆపి, అప్పుడు పైకి విసరండి. ఆ ఆపడం ముఖ్యం. ఆపకపోతే చెయ్యి గాల్లోంచి వస్తూనే గీసేస్తుంది, మొదలు ఎక్కడ పడిందో దానికే తెలీదు.

చిన్న యు, చిన్న య, చిన్న యొ, చిన్న త్సు లు మామూలు అక్షరంలో సుమారు సగం ఉండాలి. సైజుతో పాటు చోటు కూడా చూసుకోవాలి. గళ్ళ కాగితంలో వాటికి వేరే గడి ఇస్తారు. అడ్డరాతలో గడికి ఎడమవైపు కింది మూలన కూర్చుంటాయి, నిలువురాతలో కుడివైపు పై మూలన. ఫారాల్లో గడి 5 మిల్లీమీటర్లే అనుకోండి, చిన్నదీ పెద్దదీ తేడా కనబడాలంటే పెద్ద అక్షరాలు గడి నిండా రాయాలి. అన్నీ సగం సైజులో ముడుచుకుని రాస్తే లక్ష్మి ‘రకుషియుమి’ అవుతుంది.

తోమే_హనే_హరాయ్
కటకానాలోనే కూరుకుపోయారు. హిరగానాలో కూడా గుంటలున్నాయి.

రు, రో: ఒకే దారి, చివర్లో చిన్న ముడి ఉంటే రు, లేకపోతే రో. ముడి నల్లటి చుక్కలా పూడిపోకుండా లోపల తెల్లగా ఖాళీ కనబడాలి.

నె, రె, వ: ఎడమ సగం మూడింటికీ ఒకటే. చివర ముడి పడితే నె, బయటికి విసిరితే రె, లోపలికి గుండ్రంగా ముగిస్తే వ.

ను, మె: మళ్ళీ ముడే తేడా. ను కి ఉంటుంది, మె కి ఉండదు.

హ, హొ: హొ కి కుడివైపు రెండు అడ్డగీతలు, నిలువు గీత పై గీత దగ్గరే మొదలవుతుంది. హ కి ఒకటే అడ్డగీత, నిలువు దాన్ని దాటి పైకి వస్తుంది. హొ నిలువుని పైకి పొడిస్తే ‘మ పక్కన గోడ కట్టినట్టు’ ఒక లేని అక్షరం తయారవుతుంది.

ఇ, రి: ఇ లో ఎడమది పొడుగు, అక్షరం వెడల్పు. రి లో కుడిది పొడుగు, అక్షరం సన్నం.

స, చి: స పొట్ట కుడివైపుకి తెరుచుకున్నట్టు, చి పొట్ట కుడివైపుకి ఉబ్బినట్టు అనుకుంటే తికమకే. సులువుగా చెప్పాలంటే స లో అడ్డగీతని దాటే గీత కుడివైపుకి వాలి దిగుతుంది, చి లో ఎడమవైపుకి వాలి దిగి తర్వాత కుడికి తిరుగుతుంది.

కంజికాకి
దానికి ఒక చేర్పు. ఫోన్ ఫాంట్ చూసి స, కి, రి నేర్చుకోకండి. అచ్చులో కలిసిపోయి కనిపించే గీతలు చేతిరాతలో విడిగా ఉంటాయి. స కింది వంపు విడిగా, కి కింది వంపు విడిగా. నకలు రాయడానికి క్యోకాషో ఫాంట్, అంటే జపాన్ బడి పుస్తకాల్లో వాడే అక్షరరూపం, తీసుకోండి. సో కి మాత్రం రెండు రూపాలూ చెల్లుతాయి, ఒకే గీతతో రాసినా, పైన విడదీసి రెండు గీతలతో రాసినా.

నాగోయా_నాగమణి
కంజీలో నా జాబితా, పొడుగు తేడాతోనే అర్థం మారిపోయేవి ముందు.

మట్టి (త్సుచి) కింది అడ్డగీత పొడుగు. సమురాయ్ అనే అర్థం వచ్చే ‘షి’ కి పై గీత పొడుగు. ‘ఇంకా కాని’ అనే మి కి పై గీత పొట్టి, ‘చివర’ అనే మత్సు కి పై గీత పొడుగు. మిరాయ్ (భవిష్యత్తు) లో మొదటిది, షూమత్సు (వారాంతం) లో రెండోది. రెండు గీతలూ సమానంగా గీసేవాళ్ళకి భవిష్యత్తూ లేదు, వారాంతమూ లేదు.

తల బయటికి వచ్చిందా లేదా: ఆవు కి నిలువు గీత పైకి వస్తుంది, మధ్యాహ్నం (గో) కి రాదు. కుడి (మిగి) లో వాలుగీత అడ్డగీతని దాటి పైకి వస్తుంది, రాయి (ఇషి) లో అడ్డగీత దగ్గరే పుడుతుంది.

మనిషి, లోపలికి వెళ్ళు: మనిషిలో ఎడమ గీత పైదాకా వెళ్తుంది, కుడిది దాని మీద ఆనుకుంటుంది. ‘లోపలికి’ లో కుడి గీత పైన ఉంటుంది, ఎడమది దానికి ఆనుకుంటుంది.

తోమే_హనే_హరాయ్
@నాగోయా_నాగమణి బాగుంది గానీ, ఆపడం (తోమే), కొక్కెం (హనే), విసరడం (హరాయ్) చెప్పలేదు. అవి లేకుండా రాసింది కంజీయే కాదు. ‘చెట్టు’ నిలువు గీత కింద కొక్కెం వేస్తే తప్పు కొట్టాల్సిందే.

గీతలమేస్త్రి
కాదండీ. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ బుంకాచో 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒకసారి చూడండి. జోయో (రోజువారీ వాడుక) జాబితాలోని 2136 కంజీల గురించే అవి. అక్షరం అస్థిపంజరం మారనంతవరకు కొక్కెం ఉన్నా లేకపోయినా, కొస ఆపినా విసిరినా రెండూ ఒప్పే. మీరు చెప్పిన చెట్టు కంజీయే అక్కడ ఉదాహరణ. పొడుగు పొట్టి తేడాలు కూడా చాలావాటికి పట్టింపు లేదు. పట్టింపు ఎక్కడంటే మట్టి–సమురాయ్, మి–మత్సు లాంటి చోట, అంటే తేడా వస్తే ఇంకో అక్షరమే అయిపోయేచోట.

తోమే_హనే_హరాయ్
మార్గదర్శకం సరే. క్లాసులో మార్కులు వేసేది బుంకాచో కాదు, మాస్టారు.

గీతలమేస్త్రి
అది నిజం. బడిలో నేర్పిన రూపం అడుగుతారు, అది వాళ్ళిష్టం. కానీ ఇక్కడ అడిగింది ‘ఇంకో అక్షరంలా చదవకుండా ఎలా’ అని. ఉన్న శ్రద్ధంతా చెట్టు కొక్కెం మీద పెట్టి మట్టి కింది గీత పొట్టిగా వదిలేస్తే ఏం లాభం? జపాన్‌లో రేవా శకం 2019లో వచ్చినప్పుడు ఆ పేరులోని ‘రే’ కంజీ అచ్చులో ఒకలా, చేత్తో అడుగున కటకానా మ లా రాస్తే ఇంకోలా ఉందని జనం తికమక పడ్డారు. రెండూ సరైనవే.

నాగోయా_నాగమణి
నేను మేస్త్రి గారి వైపే. కాకపోతే ‘కటకానా మ లా’ అన్న మాట మీద గుర్తొచ్చింది, కటకానాకీ కంజీకీ మధ్య కూడా కవలలున్నాయి. కటకానా క – ‘బలం’. రో – నోరు. ఎ – ‘పని’ అనే కో. త – సాయంత్రం. ని – రెండు. హ – ఎనిమిది. చి – వెయ్యి. వీటిని గీతల్లో విడదీయాలని చూడకండి, చాలావరకు కుదరదు. పక్కన ఏమున్నాయో చూసి చదువుకుంటారు. మీరు చేయగలిగింది సైజు: కంజీని గడి నిండా, కటకానాని ఒక పిసరు చిన్నగా రాయండి.

డబ్బాలరాయుడు
నోరు మళ్ళీ వచ్చింది. నేను చెప్పానా లేదా.

ఫారాల_పరంధామం
కుమార్‌లో పొడుగు గీత గురించి ఒక ముక్క. అడ్డరాతలో అది గడి మధ్యలో అడ్డంగా ఉంటుంది, ‘ఒకటి’ కంజీకి అన్నదమ్ముడే. నిలువురాతలో మాత్రం నిలువుగా గీయాలి. అడ్డంగా వదిలేస్తే అక్కడ నిజంగానే ‘ఒకటి’ అని చదువుతారు.

ప, బ ల తేడా కూడా ఇక్కడే చెప్పేస్తా. రెండు పొట్టి గీతలైతే బ, సున్నా అయితే ప. తొందరలో సున్నా మూసుకోకపోతే గీతలా కనిపిస్తుంది. దాన్ని అక్షరానికి కుడివైపు పైన, విడిగా, పూర్తిగా మూసి రాయండి.

ఫారం మీద ‘ఫురిగానా’ (పేరు ఎలా పలకాలో రాసే గడి) అన్న మాటే కటకానాలో ఉంటే కటకానాలో నింపాలి, హిరగానాలో ఉంటే హిరగానాలో. షి, త్సు తప్పించుకోవడానికి హిరగానాలో రాసేద్దాం అంటే కుదరదు.

అంకెల్లో 1 కి పైన పొడుగు జెండా పెట్టకండి, 7 అనుకుంటారు. ఉత్త నిలువు గీత చాలు. 7 కి అక్కడ చాలామంది ఎడమవైపు చిన్న దిగుడు గీత వేస్తారు, అది పెడితే ఇంకా మంచిది. పోస్టల్ కోడ్ ఏడంకెలు, ఒక్కటి తప్పితే ఉత్తరం ఎటో పోతుంది.

నరసింహుడు_సైతామాలో
సరే, మరి సాధన ఎలా చేయాలో ఒకరు తేల్చండి. షి వంద, త్సు వంద రాయమంటారా?

2బి_పెన్సిల్
వద్దు. ఒకే అక్షరం వరసగా రాస్తే రెండోది మొదటిదానికి నకలు, మూడోది రెండోదానికి నకలు. నిర్ణయం మొదటి గడిలోనే అయిపోయింది, మిగతా తొంభై తొమ్మిదీ వ్యాయామం. కలిపి రాయండి. 10 మిల్లీమీటర్ల గళ్ళ కాగితం, మధ్యలో చుక్కల గీతల అడ్డసిలువ ఉన్నది తీసుకోండి. ఆ సిలువ ఉంటే మొదలు ఏ పావు భాగంలో పడిందో వెంటనే తెలుస్తుంది. 2బి పెన్సిల్ వాడండి, జపాన్ బళ్ళలో చిన్నపిల్లలకి వాడించేది అదే, లావు సన్నం కనబడతాయి.

మాటలు ఇవి: షత్సు (చొక్కా), పసొకొన్ (కంప్యూటర్), కొన్‌సొమె (ఒక సూప్), మన్‌షొన్ (అపార్ట్‌మెంట్). మన్‌షొన్‌లో మ, న్, షి, చిన్న యొ, మళ్ళీ న్, అన్నీ ఒకేచోట. కొన్‌సొమెలో న్ పక్కనే సో. రోజుకి ఒక్కో మాట ఐదుసార్లు చాలు. రాసింది అప్పుడే దిద్దుకోవద్దు. మర్నాడు మాట మొత్తం కాగితంతో మూసి ఒక్క గడి మాత్రం కనబడేలా పెట్టి అదేమిటో చదవండి. పక్క అక్షరాలు కనబడకుండా చదవగలిగితేనే అది నిలబడ్డట్టు. పరంధామం గారు పేర్ల గురించి చెప్పింది ఇదే కదా.

వారం తర్వాత బాల్ పెన్నుతో, 5 మిల్లీమీటర్ల గళ్ళలో రాయండి. పెన్సిల్‌తో బాగా వచ్చి పెన్నుతో చెడిపోతే చిన్న గీతల వాలు చూసుకోండి, మేస్త్రి గారు చెప్పినట్టు.

గీతలమేస్త్రి
గడి మూసి చదివే పద్ధతి బాగుంది. ఇంట్లో ఇంకొకళ్ళ చేత చదివిస్తే ఇంకా కచ్చితం, మీకైతే ఏం రాశారో గుర్తుంటుంది.

నరసింహుడు_సైతామాలో
మా ఆవిడ చేత చదివించా. పది న్ లలో ఏడు న్, రెండు సో, ఒకటి రి అంది. ఆ రి ఎలా వచ్చిందో నాకే అర్థం కాలేదు.

కంజికాకి
చిన్న గీతని నిలబెట్టేసి ఉంటారు. పడుకోబెట్టండి.